తప్పులు చేయొద్దని చెబితే చూపు పదునెక్కదు

ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చోబోయేవాళ్లకు ఇచ్చే శిక్షణ ఎక్కడ చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక పూట సెషన్. మొదటి గంట పక్షపాతాల జాబితా: మొదటి ముద్రకు లొంగిపోకండి, మీలాంటివాళ్లనే ఇష్టపడకండి, ఒక్క మంచి గుణం చూసి మిగతావన్నీ మంచివే అనుకోకండి, అందరికీ మధ్యలో మార్కులు వేసి చేతులు దులుపుకోకండి. రెండో గంట బాడీ లాంగ్వేజ్: చేతులు కట్టుకుంటే ఇది, కళ్లలోకి చూడకపోతే అది. చివర్లో ఒక క్విజ్, ఒక సర్టిఫికెట్. వచ్చినవాళ్లు సరదాగా వెళ్లిపోతారు. మర్నాడు ప్యానెల్‌లో కూర్చుని, నిన్నటిదాకా మార్కులు ఎలా వేశారో అలాగే వేస్తారు.

నేను చాలాకాలంగా ప్యానెళ్లలో కూర్చుంటున్నాను. పోను పోను, కొత్తగా కూర్చోబోయేవాళ్లను తయారుచేసే పని కూడా నా నెత్తిన పడింది. అందుకని ఈ విషయంలో నాది కాస్త మొండి అభిప్రాయమే. మనిషి స్వభావాన్ని అంచనా వెయ్యడం నేర్పొచ్చు. కాకపోతే మనం నేర్పాల్సింది నేర్పడం లేదు. ఏ గుణం కోసం చూస్తున్నాం, అది ఎదుటివాళ్ల మాటల్లో ఏ రూపంలో బయటపడుతుంది, ఎంత బయటపడితే ఎన్ని మార్కులు అన్న విషయంలో ప్యానెల్ మొత్తానికీ ఒకే కొలత ఉండాలి. శిక్షణలో కష్టపడాల్సింది దాని మీద. మిగతాది చాలామటుకు తతంగం.

బాడీ లాంగ్వేజ్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. ఎదుటివాళ్లు చెప్పేది నిజమో అబద్ధమో మనుషులు ఎంతవరకు పట్టుకోగలరు అన్నదాని మీద వచ్చిన రెండు వందలకు పైగా పరిశోధన పత్రాలను ఛార్లెస్ బాండ్, బెల్లా డిపాలో కలిపి 2006లో లెక్క తేల్చారు. సగటున 54 శాతం. కళ్లు మూసుకుని చెప్పినా 50 వస్తుంది. చేతులు కట్టుకున్నాడంటే గదిలో ఏసీ ఎక్కువై ఉండొచ్చు. ఆ గంటను ఇంకో పనికి వాడుకోవడం మేలు.

పక్షపాతాల జాబితా విషయం అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. దాని వెనక పెద్ద చరిత్రే ఉంది. ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో ఒక చిన్న పత్రం రాశాడు. సైన్యంలో అధికారులు తమ కిందివాళ్లకు వేసిన మార్కులు చూస్తే శరీర దారుఢ్యం, తెలివి, నాయకత్వం, నడవడిక అన్నీ అనుమానం వచ్చేంతగా ఒకదాని వెంట ఒకటి నడుస్తున్నాయి. ఒకదాంట్లో ఎక్కువ పడితే అన్నిట్లోనూ ఎక్కువే. దీనికే హేలో అని పేరు స్థిరపడింది. అక్కణ్ణుంచి కొన్ని దశాబ్దాల పాటు మార్కులు వేసేవాళ్లకు శిక్షణ అంటే ఇలాంటి తప్పులు చూపించి, చేయొద్దని చెప్పడమే.

1980లో జాన్ బెర్నార్డిన్, ఎర్ల్ పెన్స్ ఈ శిక్షణను పరీక్షకు పెట్టారు. తప్పులు తగ్గాయి. ఆశ్చర్యం ఏమిటంటే, దాంతోపాటు అంచనాల్లో నిజం పాలు కూడా తగ్గింది! ఎందుకో ఆలోచిస్తే తెలుస్తుంది. 'అన్ని గుణాలకూ ఒకేలా మార్కులు వెయ్యకండి' అని పదేపదే చెబితే మనిషి ఏం చేస్తాడు? ఎదుటివాళ్లను ఇంకా శ్రద్ధగా గమనించడు. ఒక గడిలో 4 పడింది కాబట్టి పక్క గడిలో 2 వేస్తాడు. 'అందరికీ ఎక్కువ మార్కులు వెయ్యకండి' అంటే ఒకరిద్దరిని కావాలని కిందికి దించుతాడు. కాగితం మీద మార్కుల ఆకారం మారుతుంది, గమనించే తీరు మారదు. పైగా నాలుగు విషయాల్లోనూ నిజంగానే బాగుండే మనుషులు ఉంటారు. ఈ శిక్షణ వాళ్లకు అన్యాయం చేస్తుంది.

ఆ మరుసటి ఏడాదే బెర్నార్డిన్, రొనాల్డ్ బక్లీ ఇంకో దారి ప్రతిపాదించారు. దాని పేరు ఫ్రేమ్ ఆఫ్ రిఫరెన్స్ ట్రైనింగ్. పేరు బరువుగా ఉంది గానీ విషయం సులువే: మార్కులు వేసేవాళ్లందరినీ కూర్చోబెట్టి ముందు ఏ గుణమంటే ఏమిటో ఒప్పించాలి, ఏ పని ఎన్ని మార్కులకు తగునో ఉదాహరణలతో చూపించాలి, వాళ్ల చేత మార్కులు వేయించి ఎక్కడ తేడా వచ్చిందో అప్పటికప్పుడు చెప్పాలి. 1994లో డేవిడ్ వోర్, అలెన్ హఫ్‌కట్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, అంచనా సరిగ్గా రావడానికి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఈ పద్ధతే. ఉద్యోగ ఇంటర్వ్యూలో స్వభావాన్ని అంచనా వెయ్యడానికి కూడా శిక్షణ పనికొస్తుందా అని డెబొరా పవెల్, రిచర్డ్ గాఫిన్ 2009లో ప్రత్యేకంగా చూశారు. శిక్షణ తీసుకున్నవాళ్లదే పైచేయి అయింది.

ఇది గదిలో ఎలా ఉంటుందో చెప్తాను. నేను వాడే ఒక రికార్డింగు ఉంది. ప్రాక్టీసు కోసం తీసిన ఇంటర్వ్యూ. గుణం: బాధ్యతగా, పద్ధతిగా పనిచేసే అలవాటు. అభ్యర్థి చెప్పేది సుమారుగా ఇది: "నెలాఖరు రిపోర్టు పంపబోతుంటే రెండు షీట్లలో మొత్తాలు కలవలేదు. తేడా చిన్నదే. గడువేమో సాయంత్రం ఆరింటికి. మేనేజర్‌కి ఫోన్ చేసి రేపు పొద్దున పంపుతానని చెప్పాను. రాత్రి కూర్చుని చూస్తే ఒక ఎంట్రీ రెండుసార్లు పడింది. సరిచేసి పంపించాను. తర్వాత నుంచి పంపే ముందు చూసుకోడానికి ఒక చెక్‌లిస్టు పెట్టుకున్నాను."

రికార్డింగు ఆపి, ఎవరితోనూ మాట్లాడకుండా అయిదుకు ఎన్నో రాయమంటాను. ప్రతిసారీ ఎవరో ఒకరు 5 వేస్తారు, ఇంకొకరు 2 వేస్తారు. ఒకే గదిలో, ఒకే రికార్డింగు చూసి, ఒకే గుణానికి! రెండు వేసిన ఆయన్ను అడిగితే, "గడువు తప్పాడు కదండీ, ఇంకెక్కడి బాధ్యత?" అంటాడు. అయిదు వేసినావిడ, "తప్పు లెక్క పంపలేదు, అది కదా బాధ్యతంటే" అంటుంది. మూడు వేసిన మూడో ఆయన మెల్లగా, "గొంతులో ధీమా లేదు" అంటాడు. ధీమా వేరే గుణం. ఈ గడిలో దానికి చోటు లేదు. అది గుర్తు చేశాకే ఆయనకు తట్టింది, తను ఇన్నాళ్లూ ప్రతి గడిలోనూ ఆ ధీమాకే మార్కులు వేస్తున్నానేమోనని.

ఇంతకంటే ఆసక్తికరమైనది ఇంకొకటి ఉంది. వాళ్ల కాగితాలు తీసుకుని చూస్తే 'చురుకైన కుర్రాడు', 'సిన్సియర్', 'కొంచెం టెన్షన్ పడుతున్నాడు' అని ఉంటుంది. గడువు దాటకముందే ఫోన్ చేశాడన్న ముక్క చాలామంది రాసుకోరు. చెక్‌లిస్టు సంగతి దాదాపు ఎవరూ రాయరు. అసలు ఆధారం ఆ రెండే. తేడా దొరికాక సరిచెయ్యడం ఎవరైనా చేస్తారు. అది మళ్లీ రాకుండా ఏర్పాటు చేసుకోవడం అందరూ చెయ్యరు. అంటే సమస్య మార్కులకంటే ముందే మొదలైంది. చూసింది రాసుకోకుండా, చూసినప్పుడు ఏమనిపించిందో రాసుకుంటున్నారు. అందుకే నేను కాగితాన్ని రెండుగా చీల్చిస్తాను. ఎడమవైపు అభ్యర్థి చెప్పిన మాటలే, విశేషణాలు నిషిద్ధం. కుడివైపు మార్కులు, అవీ ఇంటర్వ్యూ అయ్యాకే.

తర్వాత అసలు వాదన మొదలవుతుంది. ఈ ఉద్యోగంలో గడువు పెద్దదా, లెక్క పెద్దదా? గడువు దాటుతుందని ముందే చెప్పినవాడికి ఎంత? చెప్పకుండా దాటించినవాడికి ఎంత? 1 అంటే ఏం వినిపించాలి, 3 అంటే ఏం వినిపించాలి, 5 అంటే ఏం వినిపించాలి? దీనికి ఒక్కోసారి గంటన్నర పడుతుంది. గొంతులు పెరుగుతాయి. పెరగనివ్వాలి కూడా. ఆ వాదన ఇక్కడ జరగకపోతే, ప్యానెల్ గదిలో అభ్యర్థి వెళ్లిపోయాక జరుగుతుంది. అప్పుడు నెగ్గేది మాట పదునో, హోదా బరువో. రెండో రికార్డింగు పెట్టేసరికి మార్కులు దగ్గరపడతాయి.

దగ్గరపడితే చాలా? చాలదు. అందరూ కలిసికట్టుగా తప్పు చెయ్యొచ్చు. ఏకాభిప్రాయాన్ని నిజం అనుకోవడం శిక్షణ ఇచ్చేవాళ్లు సులువుగా పడే గుంట. మరి మనిషి స్వభావం గురించిన 'నిజం' ఎక్కడుంటుంది? పరిశోధకులు ఎక్కువగా వాడే దారి ఇది: ఆ మనిషి తన గురించి తను నిజాయితీగా ఇచ్చుకున్న సమాధానాలు ఒకవైపు, అతన్ని బాగా ఎరిగినవాళ్లు ఇచ్చిన సమాధానాలు ఇంకోవైపు పెట్టి, ఇంటర్వ్యూ చేసినవాళ్ల అంచనా వాటికి ఎంత దగ్గరగా వచ్చిందో చూస్తారు. లోపాలు లేని కొలత కాదు, కానీ 'నాకలా అనిపించింది' కంటే ఎంతో నయం. వీలైతే శిక్షణలో వాడే రికార్డింగుల వెనక ఇలాంటి సమాచారం ఉండాలి. మార్కులు వేసినవాళ్లకు 'నువ్వు పక్కాయనతో కలవలేదు' అని చెప్పడానికీ, 'ఈ మనిషిని పదేళ్లుగా ఎరిగినవాళ్లు చెప్పినదానితో కలవలేదు' అని చెప్పడానికీ చాలా తేడా ఉంది.

ఇలా కొలిచి చూసిన ఒక అధ్యయనం నన్ను చాలా ఆలోచింపజేసింది. 2000లో మరే బ్యారిక్, అతని సహచరులు చేసింది. ఇంటర్వ్యూలో కలివిడితనం, సర్దుకుపోయే గుణం, కొత్తదాన్ని ఆహ్వానించే గుణం కొంతవరకు దొరుకుతున్నాయి. బాధ్యతగా పనిచేసే గుణం, ఒత్తిడిలో నిలకడ మాత్రం దొరకడం లేదు. చాలా ఉద్యోగాల్లో పనితీరుతో ఎక్కువ ముడిపడి ఉండేవి ఆ చివరి రెండే! ఆలోచిస్తే వింతేమీ లేదు. కలివిడితనం ఎదురుగా కూర్చుంటే పది నిమిషాల్లో తెలిసిపోతుంది. మాటలు కోటలు దాటేవాడి చేతలు గడప దాటతాయో లేదో గదిలో కూర్చుంటే ఎలా తెలుస్తుంది? కనిపించేదానికి మార్కులు వేసి, కావలసినదానికి వేశామనుకుంటున్నాం.

డేవిడ్ ఫండర్ 1995లో చెప్పిన లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఒక గుణాన్ని సరిగ్గా పట్టుకోవాలంటే నాలుగు జరగాలి. ఆ గుణానికి సంబంధించినది ఏదో ఒకటి ఎదుటి మనిషి చెయ్యాలి లేదా చెప్పాలి. అది చూసేవాళ్లకు అందుబాటులోకి రావాలి. వాళ్లు దాన్ని గమనించాలి. గమనించినదానికి సరైన అర్థం తీసుకోవాలి. ఏ ఒక్కటి తెగినా అంచనా గాలిలో మేడే. మన శిక్షణలన్నీ ఆఖరి మెట్టు చుట్టూ తిరుగుతున్నాయి. మొదటి రెండూ మన ప్రశ్నల మీద ఆధారపడి ఉన్నాయి. 'మీరు బాధ్యతగా పనిచేస్తారా?' అని అడిగితే మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాం. కాదని ఎవరంటారు?

ప్రశ్న ఇంకో రకంగా కూడా మోసం చేస్తుంది. మార్క్ స్నైడర్, విలియం స్వాన్ 1978లో కొందరికి 'ఎదుటి వ్యక్తి కలివిడి మనిషో కాదో తేల్చు' అని, కొందరికి 'ముభావి అవునో కాదో తేల్చు' అని చెప్పి ప్రశ్నలు ఎంచుకోమన్నారు. కలివిడితనం కోసం వెతుకుతున్నవాళ్లు, పార్టీలో సందడి తేవాలంటే ఏం చేస్తారు లాంటి ప్రశ్నలు ఎంచుకున్నారు. ఆ ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పినా కలివిడి మనిషిలాగే వినిపిస్తారు. వెతికినది దొరికింది, ఎందుకంటే వెతికేవాళ్లే దాన్ని అక్కడ పెట్టారు. ఏ ప్యానెల్‌లోనైనా 'ఈ అమ్మాయి కొంచెం మెతక అనుకుంటా' అని ఒకరు గుసగుసగా అన్నాక వచ్చే ప్రశ్నలు వినండి, మీకే తెలుస్తుంది.

అందుకని ప్రశ్నలన్నీ ముందే రాసేసి, అందరినీ అవే అడిగి, పక్కకు ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే సరిపోతుందా? ఇక్కడే నా సహోద్యోగులతో నాకు పేచీ. మెలిండా బ్లాక్‌మన్ 2002లో చేసిన అధ్యయనంలో, కేవలం స్వభావాన్ని పట్టుకోవడం వరకే చూస్తే, బిగించిన ఇంటర్వ్యూ కంటే స్వేచ్ఛగా సాగిన సంభాషణలోనే అంచనాలు మెరుగ్గా వచ్చాయి. మనిషికి కాస్త చోటిస్తే స్వభావం బయటికి వస్తుంది. ఇంకోవైపు, ఉద్యోగంలో ఎలా రాణిస్తారన్నది ముందుగా చెప్పే విషయంలో బిగించిన ఇంటర్వ్యూదే పైచేయి. పాల్ శాకెట్ బృందం 2022లో పాత లెక్కలన్నీ మళ్లీ సరిచూస్తే ఒక పద్ధతి ప్రకారం జరిగిన ఇంటర్వ్యూకు 0.42, ఇష్టం వచ్చినట్టు జరిగినదానికి 0.19 వచ్చింది. అక్కడ 1 అంటే తిరుగులేని జోస్యం, 0 అంటే ఏమీ చెప్పలేకపోవడం. ఈ రెండు ఫలితాలూ కొట్టుకుంటున్నాయని నేననుకోను. మొదటి ప్రశ్న అందరికీ ఒకటే ఉండాలి, మార్కుల కొలత ఒకటే ఉండాలి. మధ్యలో మాత్రం 'అప్పుడు ఏం చేశారు?', 'ముందు ఎవరికి చెప్పారు?', 'ఒప్పుకోకపోతే ఏం చేసేవారు?' అని తవ్వే స్వేచ్ఛ ఉండాలి. తవ్వడం ఒక పనితనం. శిక్షణలో దానికి టైమే ఇవ్వరు.

అందరికీ ఒకే ప్రశ్న, ఒకే కొలత అనగానే సీనియర్లు, "అంటే మా అనుభవానికి విలువ లేదా? మమ్మల్ని మెషీన్లను చేస్తారా?" అంటారు. ఇదేం కొత్త ఫిర్యాదు కాదు. 1955లో ఇజ్రాయెల్ సైన్యంలో డేనియల్ కానెమన్ అనే ఇరవయ్యేళ్లు దాటీదాటని లెఫ్టినెంట్‌కు కొత్త సైనికుల ఇంటర్వ్యూ పద్ధతి మార్చే పని అప్పజెప్పారు. అతను ఆరు గుణాలు ఎంచి, ఒక్కోదానికీ జరిగిన విషయాల గురించే అడిగే ప్రశ్నలు రాసి, ఒక గుణానికి మార్కులు వేశాకే తర్వాతదానికి వెళ్లమన్నాడు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు తమను రోబోలుగా మారుస్తున్నారని మండిపడ్డారు. అతను కాస్త దిగొచ్చి, ఆరూ అయ్యాక కళ్లు మూసుకుని, ఆ మనిషి సైనికుడిగా ఎలా ఉంటాడో ఊహించుకుని ఒక మార్కు వెయ్యండి అన్నాడు. కొన్ని నెలల తర్వాత చూస్తే ఆరు మార్కుల మొత్తం పాత పద్ధతి కంటే చాలా మెరుగ్గా పనిచేసింది. కళ్లు మూసుకుని వేసిన మార్కు కూడా దాదాపు అంతే బాగా పనిచేసింది! అంతఃప్రేరణకు విలువ లేదని నేనెప్పుడూ అనను. అది ఆఖర్న రావాలి, ఆధారాలన్నీ తిన్నాక రావాలి. మొదటి అయిదు నిమిషాల్లో వచ్చేది వేరు.

మొదటి అయిదు నిమిషాల నమ్మకం ఎంత గట్టిదో చూడాలంటే జేసన్ డేనా, రాబిన్ డాస్, నతానియెల్ పీటర్సన్ 2013లో ప్రచురించిన ప్రయోగం చూడాలి. కొందరు విద్యార్థులు తోటి విద్యార్థులను ఇంటర్వ్యూ చేసి, చదువులో వాళ్ల మార్కులు ఎలా ఉంటాయో చెప్పాలి. కొన్ని ఇంటర్వ్యూల్లో జవాబు చెప్పేవాళ్లు ప్రశ్నతో సంబంధం లేకుండా ఒక గుప్త నియమం ప్రకారం ఏదో ఒకటి చెప్పారు. ఇంటర్వ్యూ చేసినవాళ్లలో ఒక్కరికీ అనుమానం రాలేదు. ఎదుటివాళ్లు అర్థమయ్యారనే అనుకున్నారు. ఇంటర్వ్యూ లేకుండా పాత మార్కులు మాత్రమే చూసి చెప్పిన అంచనా అంతకంటే మెరుగ్గా ఉంది.

పుట్టుకతోనే మనుషులను బాగా అంచనా వేసేవాళ్లు ఉండరా అంటే, కొంత ఉంటారు. కానీ కేథరిన్ రోజర్స్, జెరెమీ బీసంజ్ 2019లో చూపినట్టు, ఆ నేర్పు ప్రధానంగా మనసు విప్పి కనిపించే మనుషుల దగ్గరే పనికొస్తుంది. తలుపు మూసుకుని కూర్చున్నవాళ్ల ముందు దానికీ పెద్దగా దారి దొరకదు. ఇంకో చిక్కు కూడా ఉంది. 'నా అంచనా ఎప్పుడూ తప్పలేదు' అనే పెద్దమనిషికి తను తప్పిన సంగతి తెలిసే మార్గమే లేదు. తను వద్దన్నవాళ్లు ఎక్కడో బాగా పనిచేసుకుంటూ ఉంటారు, వాళ్ల కబురు ఆయనకు రాదు. బాణం వెయ్యడమే తప్ప అది ఎక్కడ గుచ్చుకుందో చూసే వీల్లేనివాడికి ముప్పయ్యేళ్ల అనుభవం ఉన్నా గురి కుదరదు.

ఆ కబురు వచ్చిన అరుదైన సందర్భం ఒకటుంది. 1979లో టెక్సస్ విశ్వవిద్యాలయం హ్యూస్టన్ వైద్య కళాశాలలో ఇంటర్వ్యూలు అయిపోయి, ఎంపిక అయిపోయాక ఇంకో 50 మందిని చేర్చుకోవాలని రాష్ట్ర శాసనసభ ఆదేశించింది. మిగిలినవాళ్లు ఇంటర్వ్యూలో అట్టడుగున నిలిచినవాళ్లే. వాళ్లనే చేర్చుకున్నారు. చదువు పూర్తయ్యేసరికి, ఆ తర్వాత మొదటి ఏడాది ఆసుపత్రి శిక్షణలోనూ, ముందు ఎంపికైనవాళ్లకూ వీళ్లకూ తేడా కనబడలేదు. ప్యానెల్ పెద్దల ముందు నేనీ కథ చెప్పినప్పుడల్లా గదిలో ఎవరో ఒకరు 'వైద్య విద్య వేరండీ' అంటారు. వేరే. కానీ మీ సంస్థలో శాసనసభ అలాంటి ఆదేశం ఇచ్చి ఉంటే ఏం తేలేదో మీకు తెలుసా?

ఇన్ని చెప్పాక నేను కోరేది పెద్దదేమీ కాదు. ఒక ఇంటర్వ్యూలో పది గుణాలు కొలవబోకండి. ఉద్యోగానికి నిజంగా అవసరమైన రెండో మూడో ఎంచుకుని, వాటికి కొలత రాసుకుని, వాటి మీదే శిక్షణ ఇవ్వండి. 'కల్చర్ ఫిట్' అనే గడి మాత్రం కొట్టెయ్యండి. అక్కడ పడే మార్కు 'ఇతనితో కలిసి టీ తాగాలనిపించింది' అన్నదానికే. ఏడాదికోసారైనా, చేర్చుకున్నవాళ్లకు అప్పట్లో వేసిన మార్కులు, ఇప్పుడు వాళ్ల పనితీరు పక్కపక్కన పెట్టి, వేసినవాళ్లకే చూపించండి. శిక్షణ ఒక పూటతో ముగియదు. ఇలా చూపించకపోతే నేర్చుకున్న కొలత నెమ్మదిగా ఎవరి పాత అలవాటులోకి వాళ్లు జరిగిపోతుంది.

ఇంకొకటి ఉంది, దాని కోసం నేను ఇప్పటికీ పోట్లాడుతూనే ఉన్నాను. మార్కుల కాగితంలో ఒకటి నుంచి అయిదు దాకా ఉన్న గడుల పక్కన 'ఆధారం దొరకలేదు' అని ఇంకో గడి ఉండాలి. ఒత్తిడిలో నిలకడ గురించి నలభై నిమిషాల్లో ఏమీ బయటపడకపోతే 3 వెయ్యడం అబద్ధం చెప్పడమే, ఎందుకంటే 3 అంటే 'మధ్యస్థం' అని, చూశామనీ తేల్చామనీ అర్థం. ఆ గడి పెడితే అందరూ అదే టిక్కు పెట్టి తప్పించుకుంటారని మా పైవాళ్ల భయం. పెట్టనివ్వండి అంటాను. ఒకే గుణం దగ్గర పదిమందికీ అదే టిక్కు పడిందంటే ప్యానెల్‌ది సోమరితనం అయినా అయ్యుండాలి, అక్కడ మనం అడుగుతున్న ప్రశ్న పనికిరానిదైనా అయ్యుండాలి. రెండిట్లో ఏదైనా మనకు తెలియాల్సిందే. ప్రస్తుతానికి మా సాఫ్ట్‌వేర్ ఏ గుణం దగ్గరైనా మార్కు గడి ఖాళీగా వదిలితే ఫారం సబ్‌మిట్ కానివ్వదు. మేం మాత్రం 3 వేసి, పక్కన కామెంటులో 'చూడలేదు' అని రాస్తున్నాం.